పాఠకుల ప్రశ్నలు: ముందు అటక దులపండి, బీరువా తర్వాత కొందాం

ఈసారి వచ్చిన మెయిల్స్‌లో ఎక్కువ భాగం ఒకటే గోడు. కంపెనీలో యాక్టివ్ డైరెక్టరీ ఉంది, ఏళ్ళ తరబడి పెరిగింది, ఇప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే భయం. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్తాను. పొద్దున్నే ఆఫీసులో సిస్టమ్ ఆన్ చేసి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టగానే "ఈయన మనాయనే, ఈ ఫోల్డర్ తెరవనివ్వు, ఆ ప్రింటర్ వాడనివ్వు" అని తేల్చే చిట్టా అది. 2000లో విండోస్ 2000 సర్వర్‌తో వచ్చింది. మనవాళ్ళందరూ ముద్దుగా ఏడీ అంటారు, నేనూ అలాగే అంటాను.

ప్రశ్న: మాది మందుల కంపెనీ. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, పటాన్‌చెరు వైపు ఒక ప్లాంటు, పరవాడలో ఇంకొకటి. పాత అడ్మిన్ పదకొండేళ్ళు చేసి వెళ్ళిపోయారు. హ్యాండోవర్ పేరుతో నాకు చేతికిచ్చింది ఒక ఎక్సెల్ షీటు. ఉద్యోగులు 1,400 మంది, ఏడీలో యూజర్లు 3,100. గ్రూప్ పాలసీలు (ఎవరి సిస్టమ్‌లో ఏ సెట్టింగ్ ఉండాలో చెప్పే రూల్స్) 212. డొమైన్ అడ్మిన్స్‌లో, అంటే ఏడీ మొత్తం మీద పూర్తి పెత్తనం ఉన్న గ్రూపులో, 14 మంది ఉన్నారు, అందులో ఒకాయన రిటైరయ్యారు కూడా. మా మేనేజర్ ఏదో టూల్ కొందాం, అంతా సింపుల్ అయిపోతుంది అంటున్నారు. కొనమంటారా? (పేరు వద్దన్నారు, హైదరాబాద్)

జవాబు: ఇప్పుడే వద్దు. అటక నిండా పాత సామాను పెట్టుకుని కొత్త బీరువా కొంటే ఆ సామానే బీరువాలోకి వస్తుంది, పైగా బీరువాకి ఏటా లైసెన్సు కట్టాలి. టూల్స్ చెడ్డవని కాదు. 3,100 అకౌంట్లలో మీకు అక్కర్లేనివి ఏవో టూల్‌కి తెలీదు, మీకూ ఇంకా తెలీదు. తెలిసినాక కొందురు గాని.

మొదటి వారం దేన్నీ మార్చకండి, చూడండి చాలు. డొమైన్ కంట్రోలర్లు, అంటే ఏడీ చిట్టా కాపీ పెట్టుకుని లాగిన్లు చూసే సర్వర్లు, ఎన్ని, ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుకుంటున్నాయా లేదా అన్నది రెప్అడ్మిన్ కమాండ్‌తో రెప్లికేషన్ (ఒక సర్వర్‌లో మార్పు మిగతావాటికి చేరడం) సమ్మరీ తీస్తే ఒక్క స్క్రీన్‌లో కనబడుతుంది. అక్కడ ఎర్రర్లుంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు అవే చూడండి, లేదంటే మీరు హైదరాబాద్‌లో చేసిన మార్పు పరవాడకి చేరదు, చేరలేదని కూడా మీకు తెలీదు. ఒక హెచ్చరిక: ఏ మూలనో ఏడాది నుంచి ఆఫ్‌లో పడి ఉన్న పాత డొమైన్ కంట్రోలర్ కనబడితే "ఉంటే మంచిదే కదా" అని ఆన్ చేయకండి. డిలీట్ అయిన వస్తువుల గుర్తు ఏడీలో మామూలుగా 180 రోజులే ఉంటుంది. అంతకంటే ఎక్కువ నిద్రపోయి లేచిన సర్వర్, మిగతావాళ్ళు ఎప్పుడో మరిచిపోయిన అకౌంట్లను బతికున్నవే అనుకుని మోసుకొస్తుంది.

రెండోది ఆ 14 మంది. ఈ పని టెక్నికల్‌గా పది నిమిషాలది, మనుషుల పరంగా నెల పడుతుంది. "నన్నెందుకు తీశారు, నా మీద నమ్మకం లేదా" అనే ఫోన్లు వస్తాయి, వచ్చి తీరతాయి. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి "మీరు ఏ పని కోసం ఈ పవర్ వాడుతున్నారు" అని అడగండి. ప్రింటర్ డ్రైవర్ వేయడానికి అని ఒకరు, బ్యాకప్ జాబ్ నడపడానికి అని ఇంకొకరు, ఎందుకో గుర్తులేదని నలుగురు చెప్తారు. ప్రింటర్ వేయడానికి మొత్తం కంపెనీ తాళాలగుత్తి అక్కర్లేదు. మీ సైజుకి ఇద్దరో ముగ్గురో చాలు. వాళ్ళకి కూడా మెయిల్ చూసుకునే రోజువారీ అకౌంటు వేరు, అడ్మిన్ అకౌంటు వేరుగా ఉండాలి. రిటైరైన పెద్దాయన అకౌంటు మాత్రం ఇవాళే డిసేబుల్ చేయండి. డిలీట్ కాదు, డిసేబుల్. పదకొండేళ్ళలో ఆ పేరు మీద ఏ షెడ్యూల్డ్ టాస్క్ నడుస్తోందో ఎవరికి తెలుసు? రాత్రి స్టోర్స్ రిపోర్టు రాకపోతే తెలుస్తుంది, అప్పుడు ఎనేబుల్ చేసుకోవచ్చు. ఆ టాస్క్‌ని తర్వాత గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్‌కి, అంటే మనుషులకి కాక ప్రోగ్రాములకే ఉండే అకౌంటుకి, మార్చండి. 2012 సర్వర్ నుంచి ఉంది ఈ సదుపాయం. దాని పాస్‌వర్డ్‌ని ఏడీయే 30 రోజులకోసారి మార్చుకుంటుంది, మనుషులెవరికీ తెలియనక్కర్లేదు.

ఇక 1,700 అదనపు యూజర్లు. పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు కొట్టే చోటు) 90 రోజులుగా లాగిన్ కాని అకౌంట్ల లిస్టు ఒక్క లైన్‌తో వస్తుంది. ఆ లిస్టు చూసి సంబరపడి అన్నీ ఒకేసారి సెలక్ట్ చేయకండి. లాగిన్ తేదీ అన్ని సర్వర్లకీ వెంటనే పాకదు, రెండు వారాల దాకా వెనకబడి ఉండొచ్చు. అది చిన్న సంగతి. పెద్ద సంగతి ఏంటంటే, మెటర్నిటీ లీవు 26 వారాలు. అంటే 182 రోజులు. బిడ్డని ఇంట్లో పెట్టి మొదటి రోజు ఆఫీసుకొచ్చిన అమ్మాయికి "మీ అకౌంటు లేదు" అని చెప్పే పరిస్థితి నేను ఒకచోట కళ్ళారా చూశాను, లిస్టు తీసింది నేనే కాబట్టి ఆ రోజు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అప్పటినుంచి హెచ్‌ఆర్ లిస్టుతో సరిచూడకుండా ఒక్క అకౌంటు కూడా ముట్టుకోను. హెచ్‌ఆర్ వాళ్ళ దగ్గర పేరు లేనివి, 90 రోజులుగా కదలనివి, రెండూ కలిస్తేనే డిసేబుల్. వాటిని విడిగా ఒక ఓయూలోకి (ఆర్గనైజేషనల్ యూనిట్, ఏడీలో అకౌంట్లు సర్దుకునే అర) తోసి, డిస్క్రిప్షన్‌లో తేదీ, టికెట్ నంబరు రాసి, రెండు నెలలు ఆగి, అప్పుడు డిలీట్.

ఓయూల గురించి మీరు అడగలేదు గానీ మీ మెయిల్‌కి జతచేసిన స్క్రీన్‌షాట్ చూస్తే చెప్పకుండా ఉండలేను. మీ పాత అడ్మిన్ కంపెనీ ఆర్గనైజేషన్ చార్టు మొత్తాన్ని ఓయూలుగా గీశారు. ఫైనాన్స్ కింద అకౌంట్స్, అకౌంట్స్ కింద పేయబుల్స్, దాని కింద ఇంకోటి. చూడముచ్చటగా ఉంది. కానీ ప్రతి ఏప్రిల్‌లో డిపార్ట్‌మెంట్లు విడిపోతాయి, కలుస్తాయి, మీరు చెట్టు మళ్ళీ గీస్తూ కూర్చుంటారు. ఓయూ ఉన్నది రెండే పనులకి: దీని మీద ఏ పాలసీ పడాలి, దీన్ని ఎవరు చూసుకోవాలి. ఈ రెండిట్లో తేడా లేని రెండు ఓయూలు ఒకటైపోవచ్చు. మూడు సైట్లు, ఒక్కోదాంట్లో యూజర్లు, కంప్యూటర్లు, సర్వర్లు, అంతే. ఎవరు ఏ డిపార్ట్‌మెంటో చెప్పడానికి యూజర్ ప్రాపర్టీస్‌లో డిపార్ట్‌మెంట్ అనే గడి ఉండనే ఉంది కదా.

212 పాలసీలకి కూడా అదే మందు. ముందు అన్నింటినీ బ్యాకప్ తీయండి, పవర్‌షెల్‌లో నిమిషం పని. ఎక్కడా లింక్ చేయనివి, లోపల ఒక్క సెట్టింగూ లేనివి తీసేస్తే సగం పోయినా ఆశ్చర్యం లేదు. మిగిలినవాటిలో "న్యూ గ్రూప్ పాలసీ ఆబ్జెక్ట్", "టెస్ట్", "టెస్ట్ 2 ఫైనల్" లాంటి పేర్లుంటాయి చూడండి, వాటిని తెరిచి లోపల ఏముందో ఆ పేరే పెట్టండి. పాలసీ మార్చాక యూజర్ల సిస్టమ్‌లలో పడటానికి మామూలుగా 90 నిమిషాలు, పైన ఓ అరగంట దాకా పడుతుంది. ఐదు నిమిషాల్లో కనబడలేదని ఇంకో పాలసీ, అదీ పనిచేయలేదని ఇంకోటి పెట్టేవాళ్ళ వల్లే లెక్క 212 అవుతుంది.

ఇదంతా అయ్యేసరికి ఆర్నెల్లు. అప్పుడు మీ మేనేజర్‌తో కూర్చుని టూల్ మాట్లాడుకోండి. ఏం కావాలో మీకు తెలుస్తుంది కాబట్టి డెమోలో సేల్స్ అబ్బాయిని సరైన ప్రశ్నలు అడుగుతారు.

ప్రశ్న: నేను హెల్ప్‌డెస్క్ లీడ్‌ని. రోజంతా పాస్‌వర్డ్ రీసెట్లే. మా పిల్లలు ఐదుగురికీ డొమైన్ అడ్మిన్ ఇవ్వాల్సి వచ్చింది, లేకపోతే రీసెట్ అవ్వట్లేదు. ఇది తప్పని తెలుసు. వేరే దారి ఉందా సార్? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: ఉందమ్మా, ఏడీ పుట్టినప్పటినుంచీ ఉంది. యూజర్లున్న ఓయూ మీద రైట్ క్లిక్ చేస్తే డెలిగేట్ కంట్రోల్ అని వస్తుంది. మీ ఐదుగురినీ ఒక గ్రూపులో పెట్టి, ఆ గ్రూపుకి పాస్‌వర్డ్ రీసెట్ ఇవ్వండి. మనుషుల పేర్లకి నేరుగా ఇవ్వకండి, రేపు ఒకరు మానేస్తే ఎక్కడెక్కడ ఇచ్చారో వెతుక్కోవాలి.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, ఆ విజార్డులో రీసెట్ ఉంటుంది గానీ లాకైన అకౌంటుని అన్‌లాక్ చేసేది లిస్టులో ఉండదు. కస్టమ్ టాస్క్ అనే దారిలో వెళ్ళి, యూజర్ ఆబ్జెక్ట్ ఎంచుకుని, లాకౌట్ టైమ్ అనే ప్రాపర్టీకి రీడ్, రైట్ రెండూ ఇవ్వాలి. ఇది తెలీక చాలామంది "డెలిగేషన్ పనిచేయదు" అని తేల్చేసి మళ్ళీ డొమైన్ అడ్మిన్ ఇచ్చేస్తారు. రెండోది ఇంకా తమాషా. అంతా సెట్ చేశాక అందరికీ రీసెట్ అవుతుంది, ఒక ఏడెనిమిది మందికి మాత్రం అవదు. వాళ్ళెవరో చూస్తే, ఎప్పుడో ఒకప్పుడు అడ్మిన్ గ్రూపుల్లో ఉండి బయటికొచ్చినవాళ్ళు. ఏడీ గంటకోసారి అడ్మిన్ గ్రూపుల మనుషుల పర్మిషన్లని ప్రత్యేకంగా బిగించి, అడ్మిన్‌కౌంట్ అనే చోట 1 వేస్తుంది. గ్రూపులోంచి తీసినా ఆ 1 పోదు, బిగించిన పర్మిషన్లూ సడలవు. మీరే చేత్తో 1 తీసేసి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇన్‌హెరిటెన్స్ ఎనేబుల్ చేయాలి. మీ ఐదుగురి నుంచి ఇప్పుడు డొమైన్ అడ్మిన్ తీసేస్తారు కదా, రేపు వాళ్ళ పాస్‌వర్డ్ ఒకరిది ఒకరు రీసెట్ చేయలేక మీకే టికెట్ వేస్తారు, గుర్తుపెట్టుకోండి.

ఇంకోమాట. రీసెట్ చేసిన అరగంటకే మళ్ళీ లాక్ అవుతోందంటే పాత పాస్‌వర్డ్ ఎక్కడో దాక్కుని ఉంది. పీడీసీ ఎమ్యులేటర్ (డొమైన్ కంట్రోలర్లలో పాస్‌వర్డ్ మార్పులు, టైమ్ చూసుకునే పెద్ద) సర్వర్ సెక్యూరిటీ లాగ్‌లో 4740 ఈవెంట్ చూడండి, ఏ మెషీన్ నుంచి లాక్ అయిందో పేరుతో సహా ఉంటుంది. మెయిల్ సర్వర్ పేరు కనబడితే దాదాపుగా ఆ మనిషి ఫోనే. ఒక్కోసారి పాత ఫోను ఇంట్లో పిల్లాడి దగ్గర ఆటలాడటానికి ఉంటుంది, అందులో ఆఫీసు మెయిల్ ఇంకా పాత పాస్‌వర్డ్‌తో తలుపు కొడుతూనే ఉంటుంది.

ప్రశ్న: మా కంపెనీ అమెరికాది, యూజర్ ఐడీ ఫస్ట్ నేమ్ డాట్ లాస్ట్ నేమ్ అన్నారు. మన పేర్లతో చచ్చిపోతున్నాను. ఇండియా టీమ్‌కి ఏం పెట్టాలి? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ బాధ నాకు తెలుసు. ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ ఒక్క అక్షరంగా. పాస్‌పోర్టులో అది విప్పితే ఒకలా, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటుంది. కొందరికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, వాళ్ళకి వీసాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడి, ఆఫీసులో అందరూ అదే ఆయన పేరనుకుని "హాయ్ ఫ్నూ" అంటారు. ఇక ఏడీ సంగతి. పాత పద్ధతి లాగిన్ పేరుకి 20 అక్షరాలే హద్దు. వెంకట సత్యనారాయణ అని ఇంగ్లీషులో కలిపి రాసి లెక్కపెట్టండి. సరిగ్గా 20. చుక్కకి చోటు లేదు, ఇంటిపేరు మొదటి అక్షరానికి కూడా చోటు లేదు. పైగా టీమ్‌లో ఇద్దరు వెంకట సత్యనారాయణలు లేకపోతే నన్నడగండి.

అందుకని లాగిన్‌కి పేరుతో పని పెట్టుకోకండి. ఎంప్లాయీ నంబరు పెట్టండి. అది మారదు, పెళ్ళయినా మారదు, మళ్ళీ వేరేవాళ్ళకి ఇవ్వరు. మెయిల్ ఐడీ, డిస్‌ప్లే నేమ్ మాత్రం ఆ మనిషినే అడగండి, "నిన్ను ఏమని పిలవాలి" అని. అమెరికా వాళ్ళు ఒప్పుకోకపోతే, పేరు మార్పు టికెట్లు ఏడాదికి ఎన్ని వచ్చాయో, ఒక్కోదానికి ఎన్ని గంటలు పోయాయో తీసి చూపించండి. లెక్క చూపిస్తే వాళ్ళు వింటారు, నా అనుభవం.

నంబరు పెట్టడంలో ఇంకో లాభం, హెచ్‌ఆర్ సిస్టమ్‌కీ ఏడీకీ మధ్య అదే ముడి అవుతుంది. చేరినవాళ్ళ అకౌంటు చేరిన రోజే పుట్టడం, మానేసినవాళ్ళది మానేసిన సాయంత్రమే ఆగడం స్క్రిప్టు మీద నడిచిపోతాయి. అన్నింటికంటే కష్టం డిపార్ట్‌మెంట్ మారినవాళ్ళతో. కొత్తవి ఇస్తారు, పాతవి తీయరు. పదేళ్ళు నాలుగు డిపార్ట్‌మెంట్లు తిరిగినాయనకి కంపెనీలో తెరవని ఫోల్డర్ ఉండదు. మారినప్పుడు పాత రోల్ గ్రూపు మొత్తం తీసి కొత్తది ఇవ్వడమే. దానికి ఫోల్డర్ల మీద మనుషుల పేర్లు కాక గ్రూపులే ఉండాలి, అది ముందు సరిచేసుకోండి.

ప్రశ్న: పొరపాటున 80 మంది యూజర్లున్న ఓయూ డిలీట్ చేశాను. బ్యాకప్ నుంచి తెచ్చేసరికి రాత్రి రెండయింది. మళ్ళీ జరగకుండా ఏం చేయాలి? (గుంటూరు)

జవాబు: రాత్రి రెండుకైనా వచ్చిందంటే బ్యాకప్ ఉందన్నమాట, అందుకు మీకో దండం. ఏడీ రీసైకిల్ బిన్ ఎనేబుల్ చేయండి. విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి ఉంది, కానీ దానంతటదే ఆన్ అవదు. ఒకసారి ఆన్ చేస్తే మళ్ళీ ఆఫ్ చేయలేరు, ఆఫ్ చేయాల్సిన అవసరం వచ్చినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. డిలీట్ అయినవాళ్ళు గ్రూప్ మెంబర్‌షిప్పులతో సహా వెనక్కొస్తారు. ముందు ఓయూని తెచ్చి, తర్వాత లోపలివాళ్ళని తేవాలి, తిరగేస్తే వాళ్ళకి దిగడానికి ఇల్లుండదు. ఓయూ ప్రాపర్టీస్‌లో ఆబ్జెక్ట్ ట్యాబ్ కింద ప్రమాదవశాత్తు డిలీట్ కాకుండా కాపాడే టిక్కు కూడా పెట్టేయండి.

అయితే రీసైకిల్ బిన్ బ్యాకప్ కాదు. సర్వర్లే పోతే బిన్నూ పోతుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా వైరస్ కొట్టినప్పుడు మేర్స్క్ అనే డెన్మార్క్ షిప్పింగ్ కంపెనీకి ప్రపంచమంతా ఉన్న డొమైన్ కంట్రోలర్లు, దాదాపు 150, తుడిచిపెట్టుకుపోయాయి. ఒకటి పోయినా మిగతావాటి నుంచి తెచ్చుకోవచ్చని అన్నీ ఒకదానికొకటి కాపీలు పెట్టుకున్నారు, అన్నీ ఒకేసారి పోతాయని ఎవరనుకుంటారు? చివరికి ఘనాలో ఒక్కటి దొరికింది. వైరస్ వచ్చిన సమయానికి అక్కడ కరెంటు పోయి ఆ సర్వర్ నెట్‌వర్క్‌లో లేదు. అక్కడి నెట్ స్పీడుతో ఆ డేటా ఇంగ్లండ్‌కి పంపాలంటే రోజులు పట్టేలా ఉంది, ఘనా ఆఫీసులో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. ఒకాయన హార్డ్ డిస్క్ పట్టుకుని నైజీరియా ఎయిర్‌పోర్టుకి వెళ్ళి ఇంకొకరి చేతిలో పెడితే, ఆయన లండన్ విమానమెక్కాడు. కరెంటు కోతకి దండం పెట్టిన కంపెనీ మనకి తెలిసి అదొక్కటే. మీరు కరెంటు కోతని నమ్ముకోకుండా కనీసం ఒక డొమైన్ కంట్రోలర్ బ్యాకప్‌ని నెట్‌వర్క్‌కి అందని చోట ఉంచండి. దాన్ని ఏడాదికోసారైనా వేరే మెషీన్ మీద లేపి చూడండి.

ప్రశ్న: ఆడిటర్ 30 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్పించమంటున్నాడు. మంచిదేనా? (కరీంనగర్)

జవాబు: కాదు. జనం హైదరాబాద్@123 నుంచి హైదరాబాద్@124కి వెళ్తారు, అంతే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఊరికే తేదీ చూసి మార్పించొద్దంది, మైక్రోసాఫ్ట్ కూడా 2019లో తన సెక్యూరిటీ బేస్‌లైన్ నుంచి ఆ నిబంధన తీసేసింది. పొడుగు పాస్‌వర్డ్, దాంతోపాటు మల్టీ ఫ్యాక్టర్ (ఫోన్‌కొచ్చే కోడ్ లాంటి రెండో రుజువు) పెట్టి ఈ రెండు సంగతులూ ఆడిటర్‌కి రాసి పంపండి. మీ కాంట్రాక్టులోనో మీ రంగం నిబంధనల్లోనో తేదీ ఖచ్చితంగా రాసి ఉంటే మాత్రం వాదించి లాభం లేదు, చేసేయండి.

ప్రశ్న: సోమవారం పొద్దున మా బ్రాంచిలో ఒక్కరూ లాగిన్ అవలేదు. ఏడీ రీస్టార్ట్ చేసినా అంతే. మధ్యాహ్నానికి దానంతటదే సరైపోయింది. దెయ్యమా? (అనంతపురం)

జవాబు: గడియారం చూశారా? సర్వర్‌కీ సిస్టమ్‌కీ మధ్య టైమ్ ఐదు నిమిషాలకి మించి తేడా వస్తే కెర్బరోస్ (ఏడీ మనిషిని గుర్తుపట్టే పద్ధతి) లాగిన్ ఒప్పుకోదు. ఆదివారం కరెంటు పోయి వచ్చినప్పుడు వర్చువల్ మెషీన్ కింద ఉన్న హోస్ట్ (అసలు కంప్యూటర్) తప్పు టైమ్‌తో లేచి ఉంటుందని నా అనుమానం. పీడీసీ ఎమ్యులేటర్‌కి బయట నుంచి సరైన టైమ్ వచ్చేలా చేసి, డొమైన్ కంట్రోలర్లకి హోస్ట్ నుంచి టైమ్ తీసుకునే సెట్టింగ్ ఆపేయండి.

ప్రశ్న: మాది 40 మంది ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, మాదాపూర్‌లో. ఒక పాత సర్వర్ మీద ఏడీ నడుస్తోంది. ఇదంతా తీసేసి క్లౌడ్‌కి పోవచ్చా?

జవాబు: మీరు పోవచ్చు. అందరివీ ల్యాప్‌టాప్‌లు, మెయిల్ ఎలాగూ క్లౌడ్‌లోనే అంటున్నారు, సర్వర్ రూములో ఉన్నది ఆ ఒక్క పెట్టె. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ లాగిన్ సర్వీసు ఎంట్రా ఐడీ, అంటే 2023 దాకా అజూర్ ఏడీ అని పిలిచినది, మీ సైజుకి సరిపోతుంది. పైన రాసిన మందుల కంపెనీ ఈ జవాబు చదివి ఆశపడొద్దు. ప్లాంటులో మెషీన్ల పక్కనుండే పాత సాఫ్ట్‌వేర్లు ఏడీ తప్ప ఇంకోటి ఎరగవు, వాళ్ళకి రెండూ కలిపి నడపడమే గతి.

సర్వర్ ఆపేముందు ఒక వారం పాటు దాని నెట్‌వర్క్ కేబుల్ తీసి చూడండి, ఎవరు అరుస్తారో. మీ దగ్గరైతే ముందుగా అరిచేది రిసెప్షన్‌లో స్కాన్ చేసి ఫోల్డర్‌లో పడేసే ప్రింటర్ అనుకుంటున్నాను. దాని సంగతి ముందే తేల్చుకోండి, ఆ ఫోల్డర్‌లోకే జీతాల స్లిప్పులు కూడా వెళ్తున్నాయేమో కనుక్కోండి.